ఊపిరికి ఎన్ని దారులు!

కొర్రమట్టకు తలలో గాలి గది. మొసలికి గొంతులో తలుపు. దసలి పురుగుకు ఒంటికి రెండు వైపులా కిటికీలు. పిట్టకు కడుపు నిండా గాలి సంచులు. ఊపిరి పీల్చడానికి, నాలుగు మెతుకులు తినడానికి జీవులు ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నాయో చూడాలంటే ఏ జూపార్కుకో పోనక్కర్లేదు. బొగ్గు నేల గోలేటి చుట్టుపక్కలే కనిపిస్తాయి. కొన్ని నీళ్లలో, కొన్ని చెట్ల మీద... ఇంకొన్ని రాళ్లలో!

ఆదివారం పొద్దున చేపలు అమ్మేచోట నిలబడితే ఒక తమాషా గమనించవచ్చు. ఒక పక్క బొచ్చె, రవ్వ చేపలు ఐసు ముక్కల మీద వరసగా పడుంటాయి. వాటి ప్రాణం ఎప్పుడో పోయింది. ఇంకో పక్క వెడల్పాటి టబ్బులో జానెడు నీళ్లు. అందులో ఒకదాని మీద ఒకటి పాముల్లా మెలికలు తిరుగుతూ నల్లటి కొర్రమట్టలు. తెల్లవారుజామున చెరువులో పట్టినవి ఎండెక్కేదాకా బతికే ఉంటాయి. తూకం వేసేటప్పుడు చేతిలోంచి జారి రోడ్డు మీద పడినా, తోక కొట్టుకుంటూ మురిక్కాలువ వైపు పాకే ప్రయత్నం చేస్తాయి. కొనేవాళ్లకు కావాల్సింది కూడా అదే. ప్రాణంతో ఉన్న చేపకే ధర!

అన్నీ చేపలే కదా, దీనికొక్కదానికే అంత గట్టి ప్రాణం ఎక్కడిది?

రహస్యం దాని తలలో ఉంది. మామూలు చేప నోటితో నీళ్లు తీసుకుని మొప్పల మీదుగా బయటికి వదులుతుంది. మొప్పల్లోని సన్నటి ఎర్రని పోగులు ఆ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. నీళ్లలోంచి బయటికి తీస్తే ఆ పోగులన్నీ తడిసిన వెంట్రుకల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చుట్టూ కావాల్సినంత గాలి ఉన్నా పీల్చుకునే వీలుండదు. కొర్రమట్టకు మొప్పలతోపాటు వాటికి పైన, తల లోపల ఇంకో గది ఉంటుంది. దాని గోడల నిండా సన్నటి రక్తనాళాలు. చేప పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి ఆ గదిలో నింపుకుంటుంది. అందుకే ఎండాకాలంలో చెరువు బురదగుంట అయినా అది బతుకుతుంది.

ఇందులో ఒక ఇరకాటం కూడా ఉంది. గాలికి అలవాటుపడ్డ కొర్రమట్టకు మొప్పలు ఒక్కటే చాలవు. పైకి రానీయకుండా వలతో నీళ్లలోనే అణచి ఉంచితే ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీళ్లలో మునిగి చావడమన్నమాట! తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ఎంచుకున్నది ఈ వింత చేపనే.

ఇక తిండి సంగతి. ఐసు మీద పడున్న చేపల మూతులు చూస్తే చాలు, అవి చెరువులో ఏ అంతస్తులో ఉండేవో చెప్పేయొచ్చు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైభాగంలో తేలే సూక్ష్మజీవులను వడకట్టుకు తింటుంది. రవ్వ పెదవులు కిందికి, అంచులు చీలికలుగా ఉంటాయి. దానిది మధ్య అంతస్తు. మోసు నోరు ఇంకా కిందికి. అడుగున కుళ్లిన ఆకూ అలమా దాని భోజనం. ఒకే చెరువులో మూడింటినీ కలిపి పెంచేది ఇందుకే. ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు. కొర్రమట్ట సంగతి వేరు. దాని నోటి నిండా పళ్లే. మిగతా చేపల పిల్లలే దాని ఫలహారం.

మలేడి పళ్లు

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. ఇక్కడి నేలలో బొగ్గు సుమారు 28 కోట్ల ఏళ్ల కిందటిది. ఆ బొగ్గు పొరల తర్వాత కాలంలో వాటి మీద ఇసుకరాయి, ఎర్రమట్టి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. బెల్లంపల్లి చుట్టుపక్కల, ప్రాణహిత దాకా అక్కడక్కడా ఆ ఎర్రమట్టి పైకే కనిపిస్తుంది. భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఒక ఎర్రమట్టి పొరకు మలేరి అని పేరు పెట్టారు. అది ఇక్కడి ఊరి పేరే. వయసు దాదాపు 22 కోట్ల ఏళ్లు.

ఆ ఊరిని పాత ఆంగ్ల రచనల్లో మలేడి అనేవారు. నాగపూర్‌లో ఉండే స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లాండ్ మిషనరీకి రాళ్లంటే పిచ్చి. మలేడి శిలాజాలను వెలుగులోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ శిలాజాల్లో కొన్ని వింత పళ్లున్నాయి. విడివిడి పళ్లు కావు. విసనకర్ర విప్పినట్టుగా గట్లు గట్లుగా ఉన్న పలకలు. అప్పటి భారత భూవిజ్ఞాన సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వాటి గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. అవి సెరటోడస్ అనే చేప పళ్లు. ఆ మాటకు కొమ్ము పన్ను అని అర్థం. ఐరోపాలో దొరికిన ఇలాంటి పళ్లనే చూసి 1830ల్లో లూయీ అగాసీ ఆ పేరు పెట్టాడు. అప్పటికి ఆ చేపను ప్రాణంతో చూసినవాళ్లు లేరు. ఎప్పుడో అంతరించిపోయిందనే అనుకున్నారు.

తర్వాత పదకొండేళ్లకు కథ మలుపు తిరిగింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో బర్నెట్ నది ఒడ్డున ఉండేవాళ్లు ఒక పెద్ద చేపను పట్టుకుని వండుకు తినేవాళ్లు. దాని మాంసం గులాబీ రంగులో ఉంటుంది కాబట్టి బర్నెట్ సాల్మన్ అని పిలిచేవాళ్లు. విలియం ఫార్‌స్టర్ అనే పెద్దమనిషి సిడ్నీ మ్యూజియంలో పనిచేసే గెరార్డ్ క్రెఫ్ట్‌కు ఆ చేపను చూపించాడు. క్రెఫ్ట్ నోరు తెరిచి చూస్తే... విసనకర్ర పళ్లు! 1870లో దానికి సెరటోడస్ ఫార్‌స్టరీ అని పేరు పెట్టి లోకానికి పరిచయం చేశాడు. మన మలేడి మట్టిలో రాయిగా మారిన చేపకు చుట్టం అక్కడ కూరలో ఉడుకుతోందన్నమాట.

దీనికి మొప్పలతోపాటు ఊపిరితిత్తి కూడా ఉంది. అందుకే ఈ జాతిని ఊపిరితిత్తి చేపలు అంటారు. ఆస్ట్రేలియా చేపకు ఒకటే ఊపిరితిత్తి. నీటిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు పైకొచ్చి గాలి పీలుస్తుంది. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని దాని బంధువులకు రెండేసి ఉంటాయి. ఆఫ్రికా చేప చెరువు ఎండితే బురదలో బొరియ చేసుకుని, చుట్టూ జిగురు గూడు కట్టుకుని, వానలు పడేదాకా గాలి పీలుస్తూ నిద్రపోతుంది. మన కొర్రమట్టదీ వీటిదీ ఒకే కష్టం. పరిష్కారమే వేరు. కొర్రమట్ట తలలో గది కట్టుకుంది. ఇవి ఛాతీలో తిత్తి కట్టుకున్నాయి. ఇక ఆ పళ్ల పలకలు దేనికంటే, నత్తలు, ఆల్చిప్పల్లాంటి గట్టి తిండిని రోట్లో వేసి నలిపినట్టు నలపడానికి.

ముక్కు ఎక్కడుంది?

మలేరి ఎర్రమట్టిలో దొరికిన ఇంకో జీవి పేరులోనే హిస్లాప్ ఉన్నాడు. పారాసూకస్ హిస్లాపీ. చూడటానికి అచ్చం మొసలే. సన్నటి పొడుగు మూతి, నిండా పళ్లు. కానీ మొసలి కాదు. ఎలా చెప్పొచ్చంటే ముక్కును బట్టి. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటాయి. పారాసూకస్‌కు మూతి మొదట్లో, దాదాపు కళ్ల మధ్యన, నడినెత్తికి దగ్గరగా ఉంటాయి. ఒళ్లంతా నీటిలో దాచుకుని ఆ కాస్త భాగం పైకి పెడితే చాలు. చూపుకూ ఊపిరికీ ఒకే కిటికీ.

కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇనిస్టిట్యూట్ పరిశోధకులు ఈ లోయలో ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపారు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించి అక్కడ భూవిజ్ఞాన విభాగానికి పునాది వేయించారు. అక్కడివాళ్లకే పక్కపక్కన పడి ఉన్న రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దొరికాయి. శంకర్ ఛటర్జీ 1978లో వాటిని వివరించారు. వాటి పొట్ట భాగంలో ఇంకో చిన్న జంతువు ఎముకలు ఉన్నాయి. చివరి భోజనం! పొడుగు మెడ ఉన్న ఆ సరీసృపం అంతకుముందు ఎవరికీ తెలియనిది. ఛటర్జీ 1980లో దానికి మలేరిసారస్ రాబిన్సనే అని పేరు పెట్టారు. ఊరి పేరు, గురువు పేరు రెండూ కలిశాయి. ఇంకో జంతువుకు ఆహారం కావడం వల్లే ఆ జీవి పేరు ఇన్నాళ్లకు నిలిచింది.

నిజం మొసలిని చూడాలంటే గోదావరి మీద శివ్వారం అభయారణ్యం ఉంది. అక్కడి మొసలి గట్టున నోరు తెరుచుకుని పడుకోవడం చాలామంది చూసే ఉంటారు. నీళ్లలోనూ అది నోరు తెరుస్తుంది. మరి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవా? పోవు. మూతి కొసన పీల్చిన గాలి నోటితో సంబంధం లేకుండా అంగిలి మీద వేరే గొట్టంలోంచి గొంతు వెనక్కి చేరుతుంది. నాలుక వెనక ఒక కండ తలుపులా మూసుకుంటుంది. జింకను కరిచి పట్టుకుని నీళ్లలో ఉన్నా మూతి కొస పైకి ఉంటే చాలు, దాని ఊపిరి దానిది. మింగాలంటే మాత్రం తల పైకెత్తక తప్పదు.

అదే ఎర్రమట్టిలో రింకోసార్ అనే శాకాహారి ఎముకలూ దొరికాయి. దాని మూతి చిలక ముక్కులా వంపు తిరిగి ఉంటుంది. పై దవడలో పళ్లు వరసలు వరసలుగా, మధ్యలో గాడి. కింది దవడ ఆ గాడిలోకి కత్తిలా దిగుతుంది. అడకత్తెరే. మన నానమ్మలు వక్కలు కత్తిరించినట్టు అది గట్టి దుంపలను, కాండాలను కత్తిరించుకు తినేది.

నోరు లేని సీతాకోక

చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి అడవుల్లో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులను పెంచుతారు. ఆకుపచ్చగా, వేలంత లావుగా ఉండే పురుగును దగ్గరగా చూస్తే ఒంటికి రెండు పక్కలా వరసగా చుక్కలుంటాయి. పక్కకు తొమ్మిది. అవే దాని ముక్కులు! ఒక్కో రంధ్రం నుంచి సన్నటి గొట్టాలు లోపలికి పోయి, చెట్టు వేళ్లలా చీలి, కండకండకూ గాలిని నేరుగా చేరుస్తాయి. రక్తానికి ఆక్సిజన్ మోసే పని లేదు. అందుకే అది ఎర్రగా ఉండదు.

పురుగుగా ఉన్నంతకాలం దానికి తినడమే పని. రెండు దవడలూ కత్తెరలా పక్కల నుంచి కదులుతాయి. ఆకు అంచు పట్టుకుందంటే ఈనె దాకా వదలదు. గూడు కట్టుకుని, రెక్కల పురుగై బయటికొచ్చాక మాత్రం ఏమీ తినదు. తినడానికి నోరుంటే కదా! నోటి భాగాలు పేరుకే మిగులుతాయి. పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే జత వెతుక్కుని, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. మనం కట్టుకునే దసలి చీర వెనక ఒక పెద్ద ఉపవాసం ఉంది.

గొట్టాలతో గాలి చేరవేసే పద్ధతి చిన్న ఒంటికి బాగుంటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ లోపలి మూలలకు గాలి చేరడం కష్టం. పురుగులు ఏనుగులంత పెరగకపోవడానికి ఇదొక కారణమంటారు. మరి ఫ్రాన్స్‌లోని కొమెంత్రీ బొగ్గు గనుల్లో 1880లో దొరికిన తూనీగ లాంటి కీటకం రెక్కలు విప్పితే 65 సెంటీమీటర్లకు పైనే! అది బతికిన కాలంలో అడవులన్నీ బొగ్గుగా భూమిలోకి పోతూ గాలిలో ఆక్సిజన్‌ను మిగిల్చాయి. ఇప్పుడు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అప్పుడు 30 శాతం దాకా ఉండేదని అంచనా. అందుకే పురుగులు అంత పెరిగాయని కొందరి వాదన. అందరూ ఒప్పుకోలేదు కానీ, బొగ్గు ఊళ్లవాళ్లు ఆసక్తిగా వినదగ్గ వాదనే.

పిట్ట ప్రాణం

పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో భూవిజ్ఞాన సర్వేవాళ్లకు ఒక్కచోటే 800కు పైగా ఎముకలు దొరికాయి. అవి కనీసం పన్నెండు రాక్షసబల్లులవి. పి.యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. సెలవుల్లో పిల్లలతో వెళ్లినవాళ్లు దాని ముందు ఫొటో దిగే ఉంటారు. ప్రాణహిత అవతల సిరొంచ వైపు దొరికిన బరపాసారస్ దీనికి దగ్గరి చుట్టమే. రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కలుపుకున్న రాక్షసబల్లి అది.

ఇవి ఆకులు తినే సారోపాడ్‌లు. కోటసారస్ పళ్లు చెంచాల్లా ఉంటాయి. కొమ్మ నుంచి ఆకు దూసుకోవడం, నమలకుండా మింగడం... అంతే. నమిలే పని లేదు కాబట్టి తల చిన్నదైనా సరిపోయింది. చిన్న తల కాబట్టి మెడ పొడుగ్గా పెరగగలిగింది. అయితే మెడ పొడుగైతే ఊపిరికి చిక్కు. వదిలిన చెడు గాలి గొట్టంలోనే మిగిలి, పీల్చినప్పుడు మళ్లీ అదే లోపలికి పోతుంది. ఈ వంశంలో తర్వాత పుట్టిన భారీ సారోపాడ్‌ల వెన్నెముకల్లో పెద్ద పెద్ద గుంతలు కనిపిస్తాయి. వాటిలో గాలి సంచులుండేవని శాస్త్రవేత్తలు తేల్చారు. అలాంటి ఎముకలు ఇప్పుడు ఎవరికున్నాయి? పిట్టలకు!

మన ఊపిరితిత్తులు సంచుల్లాంటివి. గాలి వచ్చిన దారినే పోవాలి. పిట్ట ఊపిరితిత్తి అలా కాదు. అది పెద్దగా ఉబ్బదు, ముడుచుకోదు. దానికి ముందూ వెనకా గాలి సంచులుంటాయి. చాలా పిట్టల్లో తొమ్మిది. కొలిమి తిత్తుల్లా అవి గాలిని నెడుతుంటే ఊపిరితిత్తిలో గాలి ఎప్పుడూ ఒకే వైపు ప్రవహిస్తుంది. పీల్చినప్పుడూ తాజా గాలే, వదిలినప్పుడూ తాజా గాలే. చారతల బాతు హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశానికి రాగలిగేది ఈ ఏర్పాటుతోనే. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో అలిగేటర్ ఊపిరితిత్తుల్లోనూ, తర్వాత ఉడుములోనూ గాలి ఇలా ఒకే వైపు పోతుందని కనిపెట్టారు. అంటే ఇది పిట్టలు పుట్టకముందు నుంచీ ఉన్న ఏర్పాటే కావచ్చు.

ఈ గొప్ప ఊపిరే బొగ్గు బాయిలో పిట్ట ప్రాణం మీదికి తెచ్చింది. బాయిలో బొగ్గు దానంతట అదే రాజుకున్నా, పేలుడు జరిగినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనిషికి ముందు తలనొప్పి, తర్వాత మత్తు, తర్వాత కాళ్లు పడిపోవడం. ప్రమాదమని తెలిసేసరికి పరుగెత్తే ఓపిక ఉండదు. స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1890ల్లో బ్రిటన్ గనుల ప్రమాదాలను పరిశీలించి, చాలామంది పేలుడుకు కాదు, ఈ గ్యాసుకే చనిపోయారని తేల్చాడు. చిన్న ప్రాణులను వెంట తీసుకుపోతే ముందే తెలుస్తుందని ఆయనే సలహా ఇచ్చాడు. చిన్న ఒళ్లు, వేగంగా కొట్టుకునే గుండె, ఏ క్షణమూ ఆగని గాలి ప్రవాహం... పిట్ట రక్తంలోకి గ్యాస్ మనకంటే చాలా ముందే చేరుతుంది. కొమ్మ మీద కూర్చున్న పిట్ట తూలి పడిందంటే సర్దార్ చెప్పేదాకా ఆగక్కర్లేదు, వెనక్కి తిరగాల్సిందే.

బ్రిటన్‌లో పసుపుపచ్చ కెనరీలను వాడితే మన దేశపు గనుల్లో గింజలు తినే బుల్లి మునియా పిట్టలను వాడారు. పొట్టిగా, దళసరిగా ఉండే ముక్కుతో గడ్డి గింజలు ఒలుచుకునే పిట్టలవి. వాటి కోసం చిన్న ఆక్సిజన్ సిలిండర్ బిగించిన పంజరాలూ ఉండేవి. పిట్ట పడిపోగానే తలుపు మూసి, సిలిండర్ తిప్పితే మళ్లీ లేచి కూర్చునేది. గనిలో రోజూ తమతో ఉండే పిట్టను చావనివ్వడానికి కార్మికులకూ మనసొప్పేది కాదు. 1986లో బ్రిటన్ కెనరీలను మాన్పించి ఎలక్ట్రానిక్ పరికరాలు తెచ్చింది. మన బాయిల్లోనూ ఇప్పుడు పరికరాలదే పని. బాయి దిగేవాళ్ల నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా ఉంటుంది. అందులోని మాంగనీస్, రాగి ఆక్సైడ్ల పొడి పీల్చే గాలిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. రామగుండం రెస్క్యూ స్టేషన్ సిబ్బంది మాత్రం ఆక్సిజన్‌ను వీపున మోసుకునే లోపలికి పోతారు.

గోలేటిలోనూ ఒకప్పుడు భూగర్భ గనులు నడిచాయి. ఇప్పుడు ఈ ఏరియాలో ఓపెన్‌కాస్టులదే రాజ్యం. ఆకాశం కింద పని కాబట్టి గ్యాస్ భయం తక్కువ. దుమ్ము భయం ఎక్కువ. మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా గాలి బుడగలుంటాయి. అన్నింటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్ల దాకా వస్తాయంటారు. రెండు గదుల క్వార్టర్ కంటే పెద్దది! పెద్ద రేణువులను ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు ఆపేస్తాయి. మిల్లీమీటరులో రెండు వందల వంతు కంటే చిన్నవి బుడగల దాకా పోతాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని మింగుతాయి. బొగ్గును, రాతి పొడిని అవి అరిగించుకోలేవు. మింగిన కణమూ చస్తుంది, చుట్టూ మచ్చ కడుతుంది. ఏళ్ల తరబడి అలా మచ్చలు పడ్డ ఊపిరితిత్తి గట్టిపడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. 1952 నాటి గనుల చట్టం కింద ఈ జబ్బును నోటిఫై చేశారు. వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. దుమ్మును లేవకుండా ఆపడమే మార్గం.

అందుకే ఓపెన్‌కాస్టు రోడ్ల మీద డంపర్ల మధ్య నీళ్ల ట్యాంకర్లు తిరుగుతుంటాయి. ముందు ట్యాంకర్ తడిపి పోతుంది, వెనక డంపర్లు వస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ తడి ఎంతోసేపు నిలవదు. ట్యాంకర్ మళ్లీ రావాలి.